నా వడియాలూ, ఒక ముసలి ఉపగ్రహమూ

నేను చదివింది మూడో తరగతి దాకా. నాలుగులోకి వెళ్ళాల్సిన ఏడాది మా అమ్మకు నాలుగో కాన్పు వచ్చింది. పలక అటకెక్కింది, చేట నా చేతికొచ్చింది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే నేను రాయబోయేది ఆకాశంలో కొలువు చేసిన ఒక ఉపగ్రహం గురించి. చదువుకున్నవాళ్ళు రాయాల్సిన విషయమే. కానీ మా గల్లీలో చదువుకున్నవాళ్ళందరూ ఆ రోజుల్లో నా మీద ఫిర్యాదు రాసే పనిలో ఉన్నారు. దాని సంగతి పట్టించుకునే తీరిక నాకొక్కదానికే ఉండింది.

సీతాఫల్‌మండిలో, రైలు పట్టాలకు రెండు గల్లీల ఇవతల మేముండే ఇల్లు. కింది వాటాలో నేనూ, రైల్వేలో రిటైరైన మా ఇంటాయనా. పై వాటాలో టీచరమ్మ. ఆమెది గుంటూరు వైపు. మిషన్ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి, గొంతు అరిగాక విశ్రాంతి తీసుకుంది. మావి రెండూ కిరాయి వాటాలే. ఇంటి ఓనరు రెజిమెంటల్ బజార్‌లో ఇనుప సామాను అమ్ముకుంటూ అక్కడే ఉండేవాడు. డాబా ఎవరి వాటాలోకి వస్తుందో ఏ కాగితంలోనూ రాసి లేదు. ముప్ఫై ఏళ్ళుగా దాన్ని ఊడ్చిందీ వాడుకున్నదీ నేను కాబట్టి అది నాదే అనుకున్నాను. టీచరమ్మ కూడా అది నాదే అనుకుంది, తన బట్టలు తాడు మీద ఒక పక్కన ఆరేసుకుని.

మాఘం సగం గడిచి ఎండ కాస్త చురుక్కుమన్నదంటే నా పని మొదలవుతుంది. బూడిద గుమ్మడికాయ వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు, ఏడాదికి సరిపడా ఎండుమిర్చి, చింతపండు. ఏదీ దుకాణంలో కొని ఎరగను. ఎండ ఊరికే వస్తుంది. ఊరికే వచ్చేదాన్ని వృథాగా పోనిస్తే నాకు రాత్రి నిద్ర పట్టదు. పొద్దున పరిచిరావడం, మధ్యాహ్నం తిరగేసి రావడం, సాయంత్రం అయిదింటికి మంచు పడకముందే గుడ్డతో సహా చుట్టుకుని దించుకోవడం. మూడుసార్లు మెట్లెక్కి దిగితే మోకాళ్ళు కూడా తుప్పు పట్టవు.

ఈ ఏర్పాటులోకి ఒకరోజు కేబులాయన వచ్చాడు. ఓనరు అనుమతి తెచ్చుకున్నాడట. నలుగురు మనుషులు ఇనుప జల్లెడ ముక్కలు మోసుకుంటూ పైకెక్కారు. సాయంత్రానికి వాటిని బిగించేసరికి మా వంటగది కన్నా వెడల్పాటి గిన్నె ఒకటి తయారైంది. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కాస్త దక్షిణానికి వంచి, నడుమ ఒక ముక్కు లాంటిది నిలబెట్టారు. పెట్టింది కూడా ఎక్కడ? డాబా మొత్తానికి ఎండ అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచే చోట.

"నా మిరపకాయలు ఏడ ఆరబొయ్యాలె?" అని అడిగాను.

"పెద్దమ్మా, జెర పక్కకు సర్దుకో. గీ ఛత్రీ ఒక్కసారి బిగించినంక కదిలియ్యొద్దు. వెంట్రుకంత కదిలినా బొమ్మ ఖతం" అన్నాడు.

"అట్ల కన్ను ఆర్పకుంట ఏం చూస్తది?"

"పైన ఉపగ్రహం ఉంటది గదా, దాన్ని. అది గాడనే కూసుంటది. కదలదు, మెదలదు."

"కదలకపోతే కింద పడదా?"

"భూమి ఒక సుట్టు తిరిగినంత సేపట్ల అది సుత ఒక సుట్టు తిరుగుతది. గందుకే మనకు ఒక్క తాన కూసున్నట్టు కొడ్తది. కూసునే పని చేస్తది పెద్దమ్మా. కింద నుంచి పంపిన బొమ్మను పట్టుకుంటది, మళ్ళ కిందికి ఇసురుతది. రాత్రనక పగలనక."

కదలకుండా కూర్చునేవాణ్ణి నేను ఇంట్లో చూస్తూనే ఉన్నాను. కూర్చుని పని చేస్తుందనడం మాత్రం అదే మొదటిసారి వినడం.

మిరపకాయలు పక్కకు సర్దుకున్నాను. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ముందొకసారి, బతుకమ్మ రోజుల దగ్గర ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఆ ముక్కు నీడ సరిగ్గా గిన్నె నడిబొడ్డు మీద పడేది. అప్పుడు ఓ పది నిమిషాలు టీవీలో బొమ్మ పోయి చుక్కలు వచ్చేవి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడనీ, ఆ వెలుగు హోరులో దాని గొంతు వినపడదనీ కేబులాయన చెప్పాడు. అలా నీడను బట్టి ఆకాశంలో అది కూర్చున్న చోటు నాకు తెలిసిపోయింది. బట్టల తాడుకు సూటిగా, నీళ్ళ ట్యాంకుకు జానెడు పైన. కనపడదు గానీ ఇరుగుపొరుగు మనిషి ఇల్లు తెలిసినట్టే తెలుసు.

ఇక గల్లీ సంగతి. అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. ఆ గిన్నె పట్టే ఒకే ఒక్క తెలుగు చానెల్‌లో శ్రీకాకుళం తుఫానూ, మహబూబ్‌నగర్ కరువూ ఒకే అమ్మాయి ఒకే చిరునవ్వుతో చదివేది. దాని తర్వాత సీరియళ్ళు. ఒక సీరియల్‌లో అత్త ఒక ఉత్తరం విప్పడానికి పదకొండు రోజులు తీసుకుంది. ఆ పదకొండు రోజులూ మా గల్లీలో కుక్కర్ల కూతలు ఒకే వేళకు వినిపించాయి, అందరి కూరా ఒకే వేళకు మాడింది. ఉన్నచోటు నుంచి కదలని వస్తువు ఒకటి పైన ఉంటే, దాన్ని చూసి కిందున్నవాళ్ళు కూడా కదలడం మానేస్తారని అప్పుడు తెలుసుకున్నాను.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక మాఘమాసంలో, సాయంత్రం అయిదు దాటాక ఆ చానెల్ పోవడం మొదలైంది. మొదట బొమ్మ మీద తెల్లచుక్కలు, తర్వాత మనుషుల ముఖాలు చినిగిపోవడం, తర్వాత ఉత్త హోరు. గంటన్నరకు దానంతట అదే వచ్చేది. మిగతా చానెళ్ళు వేరే గల్లీలో ఉన్న వేరే డిష్‌ల నుంచి వస్తాయి కాబట్టి వాటికేమీ కాలేదు. కానీ మిగతా చానెళ్ళు ఎవరిక్కావాలి?

కేబులాయన పరుగున వచ్చి డాబా ఎక్కేవాడు. నట్లన్నీ బిగించేవాడు, దండం పెట్టేవాడు, మళ్ళీ బిగించేవాడు. ఈ లోపల గంటన్నర అయిపోయేది, బొమ్మ వచ్చేది. "బిగించిన, వచ్చింది" అని కాలరు సర్దుకుని దిగిపోయేవాడు. మర్నాడు మళ్ళీ అంతే.

నాలుగో రోజు ఎవరో కనిపెట్టారు. బొమ్మ పోయే వేళకు నేను డాబా మీద ఉంటున్నానని. అబద్ధం కాదు. అయిదింటికి వడియాలు దించుకునేది నేనే.

గల్లీ సంక్షేమ సంఘానికి ఒక అధ్యక్షుడున్నాడు. ఏదో సర్కారు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. సంఘం పెట్టిన రోజు వాన పడుతుంటే మీటింగుకు ఆయనొక్కడే వచ్చాడు. అందుకని ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. అప్పటి నుంచీ ఆయనే. ఆయన పదిమందిని వెంటేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"చూడమ్మా, పర్సనల్ ఏం లేదు. పబ్లిక్ పరేషాన్ ఐతుంది. నువ్వు మీదికి పోంగనే బొమ్మ పోతుంది."

"నేను పోయేది వడియాల కోసం. ఆ గిన్నెను ముట్టుకోను."

"ముట్టుకునుడు అక్కెర లేదమ్మా. చీర కొంగు తాకుతది, గాలి తాకుతది. ఉప్పు, మిరప ఘాటు ఉంటయి. గవి సుత ఎఫెక్ట్ చేస్తయి."

"మిరప ఘాటు ఉపగ్రహం దాకా పోతదా?"

"సైన్స్‌ల అన్నీ సాధ్యమే" అన్నాడాయన గంభీరంగా. వెనకున్న పదిమందీ తలలూపారు.

ముప్ఫై మంది సంతకాలతో ఓనరుకు కాగితం పోయింది. ఓనరు తన దుకాణం నుంచే ఒక పెద్ద తాళం పంపించాడు. డాబా తలుపుకు తాళం పడింది. తాళంచెవి అధ్యక్షుడి జేబులోకి పోయింది.

నా గుమ్మడికాయలు తరిగి, ఉప్పు పట్టించి, పిండి రుబ్బి ఉన్నాయి. ఎక్కడ పెట్టను? వాకిట్లో ఎండ గంట కూడా నిలవదు. ఆ ఏడు డాబా లేదంటే వడియాలు లేవు, మిర్చి లేదు, ఊరగాయకు కారం లేదు. వచ్చే ఏడూ అంతే. ఒకసారి పడిన తాళం మా గల్లీలో ఊడినట్టు చరిత్ర లేదు. నా డాబా నాకు తిరిగి రావాలి. అది తప్ప ఇంకేమీ వద్దు. ఆ పిండి ఏమైందంటే, మూడు పూటలా మా ఇంటాయనకు పునుగులు వేసి పెట్టాను. ఆయన ఆ మూడు పూటలూ తాళం గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు.

తాళం పడిన సాయంత్రం నేను మా ఇంట్లోనే కూర్చుని మెంతులు ఏరుతున్నాను. మా ఇంటాయన టీవీ ముందు కుర్చీలో. ఉన్నట్టుండి "పాయె!" అని అరిచాడు. నేను గడియారం చూశాను. అయిదు గంటల పది నిమిషాలు.

నేను కింద ఉన్నాను. డాబాకు తాళం ఉంది. బొమ్మ పోయింది. ఇక అధ్యక్షుడు వచ్చి తాళం తీస్తాడనుకున్నాను. ఆయన రాలేదు. నేనే వెళ్ళి అడిగాను.

"ఇన్నాళ్ళు కదిలించిన ఎఫెక్ట్ ఉంటదమ్మా. అంత జల్ది పోతదా?" అన్నాడు.

రుజువు కళ్ళముందే ఉన్నా చూడనివాళ్ళకు ఇంకా పెద్ద రుజువు కావాలి కాబోలు. ఇంటికొచ్చి, కిరాణా దుకాణంవాడు ఊరికే ఇచ్చిన క్యాలెండర్ తీసి, ఆ రోజు గడిలో "5-10" అని రాశాను. అంకెలు మూడో తరగతిలోనే అయిపోయాయి కాబట్టి ఇబ్బంది లేదు. మర్నాడు ఆయన "పాయె!" అనగానే మళ్ళీ చూశాను. ఆయన జీవితంలో ఏ పనీ వేళకు చేసిన మనిషి కాదు గానీ, బొమ్మ పోయినప్పుడు అరవడంలో మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయడు. మా గోడ గడియారం మీద నమ్మకం చాలక టీచరమ్మ చేతి గడియారం అడిగాను. లోకల్ రైలును బట్టి చూద్దామంటే, ఆ రైలు వచ్చే వేళ రైలుకే తెలియదు.

పది రోజులు పోయాక క్యాలెండర్ ముందు నిలబడ్డాను. 5-10 తో మొదలైంది, పదో రోజు దాటేసరికి 4-30కి వచ్చింది. రోజూ కాస్త కాస్త ముందుకు. పది రోజుల్లో నలభై నిమిషాలు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో గడియారం ఉండేది కాదు. ఆమె వాకిట్లో నిలబడి పిల్లలకోడిని చూసి పనులు మొదలుపెట్టేది. అదే, చుక్కలన్నీ గుత్తిగా కనపడతాయే, అది. కార్తీకంలో చీకటి పడుతూనే తూర్పున లేస్తుంది. మాఘం నాటికి చీకటి పడేసరికే నడినెత్తికి వచ్చి ఉంటుంది. రోజూ కాస్త ముందు, నెలకు అయిదు గడియలు ముందు. అంటే రెండు గంటలు. పది రోజులకెంత? నలభై నిమిషాలు.

నేను మెట్లెక్కి టీచరమ్మ దగ్గరికి పోయాను. మనుషులు గడియారాన్ని చూసి తిరుగుతారు, వడియాలు పెట్టే ఆడది ఎండను చూసి తిరుగుతుంది. ఈ బొమ్మ పోయే వేళ మాత్రం చుక్కలను చూసి తిరుగుతోంది. కాబట్టి ఇది చేసేది కింద ఉన్న మనిషి కాదు, పైన ఉన్నదే. కదలదన్న ఉపగ్రహం ఊగుతోంది. ఇదీ నేను చెప్పింది.

ఆమె కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"వదినా, ఒక మాట చెప్పనా? తెల్లవారుజామున ప్రార్థనకి లేస్తాను కదండీ. రెండు మూడు రోజులు ఊరికే టీవీ పెట్టి చూశాను. అప్పుడు కూడా రావట్లేదు. సాయంత్రం పోయిన వేళకీ, పొద్దున పోయిన వేళకీ సరిగ్గా పన్నెండు గంటలు తేడా."

"మరి గల్లీలో చెప్పలేదేంది?"

"నాలుగింటికి లేచి టీవీ చూస్తానని చెప్పుకోమంటారా? నా పరువేం కాను?"

అటు ఊగినప్పుడొకసారి, ఇటు ఊగినప్పుడొకసారి. నడుమ ఉన్నప్పుడు బొమ్మ బాగుంటుంది. ఊయలకు మల్లే. తెల్లవారుజామున నేను డాబా మీద ఉన్నానని అధ్యక్షుడు కూడా అనలేడు. అనుకున్నాను గానీ, ఆ నమ్మకం కూడా ఎక్కువే అని తర్వాత తెలిసింది.

మర్నాడు సంఘం అరుగు మీద అందరూ ఉన్నప్పుడు పోయి చెప్పాను.

"ఈ ఆదివారం కాదు, పై ఆదివారం మూడు గంటల యాభై నిమిషాలకు బొమ్మ పోతది. నేను మీ ఇంట్లనే, మీ అందరి ముందర కూసుంట. పోతే నా తాళంచెవి నాకియ్యాలె. పోకపోతే మళ్ళ డాబా పేరెత్త."

"ఏందీ, జ్యోతిషం చెప్తున్నవా అమ్మా?" అని నవ్వాడొకాయన.

"జ్యోతిషానికి పంచాంగం కావాలె. దీనికి కిరాణా క్యాలెండర్ చాలు."

అధ్యక్షుడు ఒప్పుకున్నాడు. మూడు యాభై అనగానే ఆయన ముఖం వెలిగింది. బొమ్మ పోయేది సాయంత్రమని గల్లీలో అందరూ గట్టిగా నమ్ముతున్నారు. పోయే వేళ జరుగుతూ వస్తోందని, రోజూ తిట్టుకుంటూ చూస్తున్న ముప్ఫై ఇళ్ళలో ఒక్కరూ గమనించలేదు. తిట్టడానికి గడియారం అక్కర్లేదు కదా.

ఆదివారం ఆయన ముందుగది నిండిపోయింది. కిటికీల దగ్గర కూడా జనం. అధ్యక్షురాలు, అంటే ఆయన భార్య, అందరికీ టీ ఇవ్వాల్సి వచ్చినందుకు నా వంక గుర్రుగా చూసింది. టీచరమ్మ తన చేతి గడియారం విప్పి టీవీ మీద పెట్టింది. కేబులాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. తెర మీద అత్త రెండో ఉత్తరం విప్పుతోంది.

మూడూ నలభై అయిదు. అత్త కళ్ళు పెద్దవి చేసింది. మూడూ నలభై ఎనిమిది. బొమ్మ అద్దంలా ఉంది. "ఇంకో రెండు నిమిషాలు అమ్మా" అన్నాడు అధ్యక్షుడు, పరీక్ష హాలులో కాగితాలు లాక్కునేవాడిలా. నేను టీచరమ్మ గడియారం ముల్లునే చూస్తున్నాను. ఎక్కడైనా లెక్క తప్పితే నా ఎండ పోయినట్టే.

మూడూ నలభై తొమ్మిదికి అత్త చెంప మీద ఒక తెల్లచుక్క పడింది. తర్వాత నుదుటి మీద ఇంకోటి. తర్వాత ఉత్తరం చినిగింది, అత్త చినిగింది, గది నిండా హోరు.

"పాయె!" అని మా ఇంటాయన అలవాటు కొద్దీ అరిచాడు.

తర్వాత అధ్యక్షుడు తన గోడ గడియారం చూసి, "మా గడియారంల మూడు యాభై రెండు" అన్నాడు. టీచరమ్మ గడియారం చూపించింది. అప్పుడాయన లేచి నిలబడి, గొంతు సవరించుకుని, నేను చచ్చేదాకా మరచిపోలేని మాట అన్నాడు.

"అందరు జెర ఆలోచించుండ్రి. బొమ్మ ఎప్పుడు పోతదో ఈమెకు నిమిషంతో సహా తెలుసు. ఎట్ల తెలుసు? చేసేటోళ్ళకే గదా తెలిసేది!"

పదిమంది తలలూపారు. తలలు ఊపడంలో ఆ పదిమందికి ఉన్న నిలకడ ఏ ఉపగ్రహానికీ ఉండదు.

నేను లేవబోతుంటే తలుపు దగ్గర నుంచి కేబులాయన గొణుగుడు వినిపించింది.

"కంపెనీ నుంచి ఒక ఇంగ్లీష్ కాయిదం అయితే వచ్చింది... దసరా ముంగట."

"ఏ కాయిదం?" అన్నాను.

"ఏమో పెద్దమ్మా, ఇంగ్లీష్‌ల ఉండె. బిల్లు కాదు గదా అని బొమ్మలు పంపే మిషన్ కింద పెట్టిన. మిషన్ ఒక కాలు పొట్టిది, ఊగుతుంటది. నాలుగు మడతలు పెడితే సరిపోయింది."

పరుగున వెళ్ళి తెచ్చాడు. నాలుగు మడతలు, మూలన మిషన్ కాలు గుర్తు. ఊగేదాని గురించి హెచ్చరించడానికి వచ్చిన కాగితం, ఊగే మిషన్‌ను ఆపుతూ నాలుగు నెలలు సేవ చేసిందన్నమాట. టీచరమ్మ దాన్ని విప్పి, బడిలో చదివినట్టు గట్టిగా చదివి, తెలుగులో చెప్పింది.

ఆ ఉపగ్రహం ముసలిదైంది. దాంట్లో ఇంధనం అడుక్కి వచ్చింది. ఉత్తర దక్షిణాలకు జరగకుండా పట్టి ఉంచడానికే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి ఆ పని మానేశారు. ఇక నుంచి అది రోజుకొకసారి పైకీ కిందికీ ఊగుతుంది. పెద్ద డిష్‌లు ఉన్నవాళ్ళు దాని వెంట తిప్పుకోవాలి. ఆ వేళ రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతూ ఉంటుంది.

"నాలుగు నిమిషాలు" అన్న చోట టీచరమ్మ ఆగి, కళ్ళద్దాల మీది నుంచి గది అంతా ఒకసారి చూసింది. తప్పు చేసిన తరగతిని చూసిన చూపు అది. అందరూ చేతులు కట్టుకున్నారు.

"నేను ముందే అనుకున్న" అన్నాడు అధ్యక్షుడు.

నేను చెయ్యి చాపాను.

"ఇస్తనమ్మా, ఇయ్యననలే. జెర ఒక తీర్మానం పాస్ చేయాలె. కోరం..."

"వేసేటప్పుడు కోరం ఉండెనా?"

"అది ఎమర్జెన్సీ."

నేను చెయ్యి దించలేదు. కేబులాయన తల గోక్కుంటూ, డిష్‌ను రోజూ మూడు నాలుగుసార్లు తిప్పాలంటే తనవల్ల కాదనీ, తనకు పదకొండు గల్లీలున్నాయనీ, ఎవరైనా పైకెక్కి ఒక స్క్రూ అటొకసారి ఇటొకసారి తిప్పితే చాలుననీ అన్నాడు. అధ్యక్షుడు చుట్టూ చూశాడు. ఒకాయనకు నడుం నొప్పి. ఇంకొకాయనకు ఎండ పడదు. ఇద్దరికి ఎత్తు మీద కళ్ళు తిరుగుతాయి. సంతకాలు పెట్టిన ముప్ఫై చేతుల్లో స్క్రూ తిప్పే చెయ్యి ఒక్కటీ లేదు.

"నేనెట్లాగూ ఎండకు పోవాలె" అన్నాను.

తాళంచెవి నా చేతిలో పడింది. అధ్యక్షుడి జేబులో ఇన్నాళ్ళున్నందుకు వెచ్చగా ఉంది. ఇంటికి పోయి చింతపండుతో తోముకున్నాను.

మర్నాడు పొద్దున్నే కేబులాయన నాకు స్క్రూ చూపించాడు. తిప్పితే గిన్నె అంచు నాలుగు వేళ్ళంత లేస్తుంది, దిగుతుంది, అంతే. నేను వాకిట్లో అంచులకు పూసే ఎర్ర జాజు కాస్త కలిపి, ఇనుప కడ్డీ మీద మూడు గీతలు పెట్టాను. పై గీత, నడిమి గీత, కింది గీత. వడియాలు పరిచేటప్పుడొకసారి, తిరగేసేటప్పుడొకసారి, దించుకునేటప్పుడొకసారి. ఎప్పుడు ఏ గీతో క్యాలెండర్‌లో ముందే రాసిపెట్టుకునేదాన్ని. కింద నుంచి మా ఇంటాయన "బాగుంది, బాగుంది, ఆ, ఆపు!" అని అరిచేవాడు. పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అది.

తిప్పుతూ తిప్పుతూ నాకు దాని మీద ఒక రకమైన గౌరవం పుట్టింది. పంపేటప్పుడే దానికి ఇంత ఇంధనమని కట్టిచ్చి పంపించారట. మళ్ళీ పోసేవాడు లేడు. సూర్యుడో పక్క లాగుతాడు, చంద్రుడో పక్క లాగుతాడు. ఎక్కడికీ పోవడానికి కాదు, ఉన్నచోట ఉండటానికే అది ఉన్నదంతా పొదుపుగా ఖర్చుపెట్టింది. నలభై ఏళ్ళు సంసారం చేసినదానికి ఆ సంగతి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఇల్లు ఇల్లులా ఉంటే ఎవరికీ ఏమీ జరిగినట్టుండదు. ఒకరోజు ఊగితేనే అందరూ పైకి చూస్తారు, అదీ తిట్టడానికి.

ఊగుతోంది కాబట్టి దాని కిరాయి కూడా తగ్గించారట. అందుకే ఆ చానెల్‌వాళ్ళు దాన్ని వదల్లేదని కేబులాయన చెప్పాడు. ఆ చానెల్ ఓనరు ఎవరో గానీ, నాకు నచ్చాడు.

రెండేళ్ళకు పైగా అలా నడిచింది. ఊపు పెరుగుతూ పోయింది. మూడు గీతలు అయిదయ్యాయి. వర్షాకాలంలో గొడుగేసుకుని ఎక్కాను. ఒకరోజు సాయంత్రం కేబులాయన చేటంత కొత్త డిష్ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అయిపోయింది పెద్దమ్మా. దాన్ని రిటైర్ చేసిండ్రు. చానెల్ కొత్తదాని మీదికి మారింది."

"అది కింద పడ్డదా?"

"పడలే. చివరికి ఇంత ఇంధనం దాచిపెట్టి ఉంచుతరంట. దాంతోటి ఇంకా పైకి జరిపి, అన్ని బంద్ చేసి వదిలేస్తరు. తను కూసున్న జాగ కొత్తదానికి ఖాళీ కావాలె గదా."

నేను చేతిలో ఉన్న చేట కింద పెట్టాను. చివరి ప్రయాణానికి కావాల్సింది తనే దాచుకుని, ఎవరితోనూ అనిపించుకోకుండా, జాగా ఖాళీ చేసి పోయింది. నీళ్ళ ట్యాంకుకు జానెడు పైన చూశాను. అక్కడ ఎప్పుడూ ఏమీ కనపడలేదు. ఆ రోజు కూడా కనపడలేదు.

మూడో రోజు ఎండ వాలే వేళకు అధ్యక్షుడు వచ్చాడు, చేతిలో కాగితంతో.

"అమ్మా, ఇగ డిష్ పని అయిపోయింది గదా. తాళంచెవి సంఘానికి అప్పజెప్పాలని తీర్మానం అయ్యింది."

"ఎంతమంది వచ్చిండ్రు మీటింగుకు?"

"...వాన పడుతుండె."

"అన్నా, ఆ ఉపగ్రహం పని అయిపోయినంక ఏం చేసిందో మీకు తెలుసా?" అని అడిగి, కేబులాయన చెప్పింది చెప్పాను. పైకి జరిగిందనీ, జాగా ఖాళీ చేసిందనీ. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మంచి సిస్టమ్ అమ్మా. గట్లనే ఉండాలె" అన్నాడు. తన గురించి కావచ్చునని ఆయనకు ఏ మూలా తట్టలేదు. మనిషి మనసులో అంత నిశ్చలత ఉంటే ఇంధనం అవసరమే ఉండదు.

"తాళంచెవి పైనున్నది. వచ్చి తీసుకోండ్రి" అన్నాను.

ఆయన ఆయాసపడుతూ నా వెనకే మెట్లెక్కాడు. పాత గిన్నెను కేబులాయన తీసుకుపోలేదు. దించడానికి నలుగురు కావాలి, నలుగురు దొరకలేదు. నేనే వద్దన్నాను కూడా. జల్లెడ మీద తడి గుడ్డ పరిచి ఆ పొద్దున్నే వడియాలు పెట్టాను. కింద నుంచి గాలి, పైనుంచి ఎండ. రెండు రోజులు పట్టేది ఒక్కరోజులో అయిపోతోంది. గచ్చు మీద లాగా చీమల బాధ లేదు. ఇన్నేళ్ళు అంత మంచి చేటను బొమ్మలు పట్టడానికి వాడారు కదా అని నా కడుపు తరుక్కుపోయింది.

అధ్యక్షుడు చుట్టూ తిరిగి చూశాడు. ఒక సగ్గుబియ్యం వడియం తుంచి నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఇంకొకటి.

"ఉప్పు సరిగ్గుంది" అన్నాడు. మూడోది తుంచుతూ, "మా ఇంట్ల వడియాలు దుకాణంల కొంటరు. గడ్డి లెక్కుంటయి" అన్నాడు. తీర్మానం కాగితం చేతిలో మెల్లగా మడత పడింది.

కాగితంలో ఓ పిడికెడు చుట్టి ఇచ్చాను. ఆ తీర్మానంలోనే. వేరే కాగితం ఎందుకు దండగ? తాళంచెవి సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఆయన దిగి పోయాక స్క్రూ దగ్గరికి పోయి, గిన్నెను ఇంకాస్త ఎండకు వంచాను. కడ్డీ మీద జాజు గీతలు ఇంకా ఉన్నాయి. అవి ఇప్పుడు దేనికీ పనికిరావు, అయినా తుడవలేదు. తాళం మాత్రం పనికొస్తోంది. రెజిమెంటల్ బజార్ సరుకు, మంచి బరువుంది. గాలికి వడియాల గుడ్డ ఎగిరిపోకుండా మూల మీద పెడుతున్నాను.